ఏ ఉప్పు గనికి వెళ్లాలి? వ్యెలిచ్కా, బోహ్న్యా, తుర్దా, హాల్‌స్టాట్

యూరప్ వెళ్తున్నాం, పాతకాలపు ఉప్పు గని ఒకటి చూడాలనుంది, ఏదైతే బాగుంటుంది అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. నేను మొదట ఎదురు అడిగేది ఒక్కటే: మీతో ఎవరెవరు వస్తున్నారు? మోకాళ్ల నొప్పులున్న అమ్మ వస్తోందా? ఎనిమిదేళ్ల పిల్లాడు వస్తున్నాడా? ఒక్క గోడ ముందు అరగంట నిలబడిపోయే మనిషి వస్తున్నారా? ఫొటోలు చూస్తే అన్ని గనులూ అందంగానే ఉంటాయి. ఎన్ని మెట్లు, ఎంత చలి, ఎంతసేపు నడక అన్నది మాత్రం ఫొటోలో కనబడదు.

మా ఇంట్లో ఈ ముగ్గురూ ఉన్నారు. నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్లకు పైగా బాయి పని చేసి రిటైరయ్యారు. అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మా బాబు ఒక చోట అయిదు నిమిషాలు నిలబడడు. తమ్ముడు పోలండ్‌లోని క్రాకోవ్‌లో చదువుకుంటున్న రోజుల్లో వీళ్లందరినీ వెంటబెట్టుకుని రెండు విడతలుగా నాలుగు గనులు చూశాం. ఒకరికి నచ్చిన గని ఇంకొకరికి నచ్చలేదు.

గనులను పోల్చేముందు ఒక సంగతి చెప్పుకోవాలి. మనకు ఉప్పు అంటే సముద్రం. చినగంజాం వైపో నౌపడా వైపో వెళ్తే మడుల పక్కన తెల్లటి కుప్పలు కనబడతాయి. మధ్య యూరప్‌లో సముద్రం లేదు, కానీ ఒకప్పుడు ఉండేది. వ్యెలిచ్కా కింద ఉన్నది సుమారు 1.3 కోట్ల ఏళ్ల కిందట ఇంకిపోయిన సముద్రపు ఉప్పు. ఆల్ప్స్ కొండల్లోది సుమారు 25 కోట్ల ఏళ్ల నాటిది. మాంసం, చేపలు, వెన్న నిల్వ ఉండాలంటే ఉప్పే దిక్కయిన కాలంలో దాని విలువ ఎంతంటే, 14వ శతాబ్దంలో పోలండ్ రాజు ఖజానాకు దాదాపు మూడో వంతు ఆదాయం ఉప్పు మీదే వచ్చేదని చెబుతారు.

ఉప్పును ఎలా తీశారన్నదాన్ని బట్టే ఇవాళ మనకు కనబడేది ఉంటుంది. పోలండ్‌లో ఉప్పును రాయిలా దిమ్మలు దిమ్మలుగా నరికి తీశారు. అందుకే అక్కడ పెద్ద పెద్ద గదులు మిగిలాయి. రొమేనియాలోని తుర్దాలో సన్నటి నోటి నుంచి దిగి, కిందికి పోయేకొద్దీ వెడల్పు చేసుకుంటూ తవ్వారు. అందుకే ఆ గని లోపల గంట ఆకారంలో ఉంటుంది. ఆల్ప్స్‌లో ఉప్పు మట్టితో, బండతో కలిసిపోయి ఉంటుంది. లోపలికి నీళ్లు పెట్టి కరిగించి, ఆ ఉప్పునీటిని బయటికి తెచ్చి కాచేవాళ్లు. అందుకే ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో తెల్లగా మెరిసే ఉప్పు మందిరం కోసం వెతికేవాళ్లు నిరాశపడతారు. అక్కడి గోడలు చాలా చోట్ల ఎర్రమట్టి రంగులోనే ఉంటాయి. అక్కడి గొప్పతనం వేరు.

వ్యెలిచ్కా: ఒక్కటే చూసే వీలుంటే ఇదే

క్రాకోవ్ నుంచి వ్యెలిచ్కాకు సుమారు 14 కిలోమీటర్లు. లోకల్ రైలు అరగంటలోపే దింపేస్తుంది. 13వ శతాబ్దం నుంచి 1996 దాకా ఇక్కడ ఉప్పు తీశారు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా మొదలుపెట్టినప్పుడు అందులోకి ఎక్కిన తొలి 12 చోట్లలో ఇదొకటి. గని మొత్తం లోతు 327 మీటర్లు, తొమ్మిది అంతస్తులు. మనం తిరిగేది అందులో చిన్న ముక్క మాత్రమే. మూడు కిలోమీటర్లకు పైగా నడక, 135 మీటర్ల లోతు దాకా. రెండు మూడు గంటలు పడుతుంది. గైడ్ లేకుండా వదలరు. ఇంగ్లీష్ గైడ్లు దొరుకుతారు.

మొదట్లోనే 380 చెక్క మెట్లు దిగాలి. ఏడెనిమిది మెట్లు దిగడం, తిరగడం, మళ్లీ దిగడం. సగం దూరం వచ్చేసరికి తల తిరిగినట్టు అనిపిస్తుంది. మొత్తం దారిలో సుమారు 800 మెట్లు. పైకి రావడం మాత్రం లిఫ్టులోనే. అది గని కార్మికుల లిఫ్టు, ఇరుకుగా, చీకటిగా ఉంటుంది, వేగంగా పైకి లాగేస్తుంది. ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లకు ఆ ఒక్క నిమిషమే టెన్షన్. మెట్లు దిగలేనివాళ్లకు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు లిఫ్టులోనే దింపి దారిలో కొంత భాగం చూపిస్తారు. దానికి ముందుగా బుక్ చేసుకోవాలి. ఆ సంగతి మాకు తెలియక అమ్మను పైనే కూర్చోబెట్టి దిగాం. ఇది చదివినవాళ్లు అలా చేయకండి.

లోపలికి దిగాక మొదట ఆశ్చర్యపరిచేది రంగు. ఇక్కడి ఉప్పు తెల్లగా ఉండదు, ముదురు బూడిద రంగులో గ్రానైట్‌లా ఉంటుంది. నాన్న నమ్మలేదు. గైడ్ నవ్వి, నాలుకతో చూడొచ్చు అన్నది. నాన్న వేలితో గోడను రుద్ది నాలుక మీద పెట్టుకున్నారు. తర్వాత వేళ్ల కణుపులతో గోడను తట్టి, చెవి దగ్గరపెట్టి విన్నారు. బొగ్గు బాయిలో షిఫ్ట్ మొదలయ్యేముందు పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. గట్టిగా ఖంగుమంటే పర్వాలేదు, బోలుగా పలికితే పెచ్చు ఊడే ప్రమాదం ఉంది. రిటైరై ఎన్నేళ్లయినా ఆ చెయ్యి ఊరుకోలేదు. "గట్టి బండే" అని తల ఊపి ముందుకు నడిచారు.

ఈ గనిలో కార్మికుల పనిని చూపించే తీరు నాకు అన్నిటికన్నా నచ్చింది. ఒక చోట బొమ్మలు ఉంటాయి: పాత బట్టలు కట్టుకుని, నేల మీద పాకుతూ, పొడవాటి కర్రల చివర కాగడాలు పట్టుకున్న మనుషులు. పైకప్పు కింద పేరుకున్న మీథేన్ వాయువును ఇలా ముందే కాల్చేసేవాళ్లు. లేకపోతే పనివాళ్లు దిగాక పేలిపోతుంది. ప్రాణం మీదికి తెచ్చుకునే పని. నాన్న అక్కడ చాలాసేపు నిలబడ్డారు. బాయిలో గ్యాస్ ఉందో లేదో చూడటానికి సేఫ్టీ ల్యాంప్ మంట మీద నీలం రంగు కనబడుతుందా అని చూసేవాళ్లమని మా బాబుకు చెప్పారు. ఆ మాట నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. పక్కన గుర్రాలు తిప్పే పెద్ద చెక్క యంత్రాలున్నాయి. గుర్రాలు ఏళ్ల తరబడి భూమి లోపలే ఉండిపోయేవి. చివరి గుర్రాన్ని 2002లో పైకి తెచ్చారు.

ఇక అందరూ చూడటానికొచ్చే కింగా చాపెల్. నేల నుంచి 101 మీటర్ల లోతులో, 54 మీటర్ల పొడవున్న చర్చి. నేల మీద పలకలు పరిచినట్టు కనబడుతుంది కానీ అవి పలకలు కావు, ఉప్పు నేలనే అలా గీతలుగా చెక్కారు. బలిపీఠం, గోడల మీది శిల్పాలు, షాండ్లియర్లకు వేలాడే స్ఫటికాలు, అన్నీ ఉప్పే. పని 1896లో మొదలై దాదాపు 70 ఏళ్లు సాగింది. చేసింది పేరుమోసిన శిల్పులు కారు. యూజెఫ్ మార్కోవ్‌స్కీ, తొమాష్ మార్కోవ్‌స్కీ, అంతోని విరోదెక్ అనే గని కార్మికులు. విరోదెక్ చెక్కిన ఏసు కడపటి విందు శిల్పం దగ్గరికి వెళ్లి పక్కనుంచి చూడండి. ఎదురుగా చూస్తే గది చాలా లోతుగా కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తేనే అది ఎంత పల్చటి చెక్కడమో తెలుస్తుంది. అక్కడ గుంపును గైడ్ కొద్దిసేపే ఆపుతుంది. ఆ కాసేపూ ఫోన్ జేబులో పెట్టుకోమని నా సలహా.

దానికన్నా ముందు దారిలో వచ్చే ఆంటోనీ చాపెల్‌ను మాత్రం చాలామంది పట్టించుకోకుండా దాటేస్తారు. అది 17వ శతాబ్దపు చివరి నాటిది. అందులోని బొమ్మలకు ముఖాలు కరిగిపోయాయి. ముక్కు, కళ్లు, చేతివేళ్లు తేమకు నెమ్మదిగా జారిపోయి, వానలో తడిసిన బెల్లపు దిమ్మల్లా మిగిలాయి. ఉప్పుకు రాయికి తేడా అక్కడ కళ్లకు కడుతుంది. ఈ తేమ కారణంగానే 1989లో యునెస్కో ఈ గనిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల్లో చేర్చింది. గాలిలో తేమ తగ్గించే ఏర్పాట్లు చేశాక 1998లో తీసేసింది.

కష్టమేమిటంటే జనం. వేసవిలో గుంపు వెనక గుంపు. మన గైడ్ చెప్పేలోపే వెనకవాళ్లు వచ్చేస్తారు. పొద్దున్నే మొదటి టికెట్ తీసుకుంటే కాస్త ఊపిరాడుతుంది. ఇంకో సంగతి: క్రాకోవ్‌లో ఆష్విట్జ్ (నాజీలు లక్షల మందిని చంపిన శిబిరం), వ్యెలిచ్కా కలిపి ఒకే రోజులో చూపించే టూర్లు అమ్ముతారు. దయచేసి వద్దు. ఆష్విట్జ్ చూసిన మనసుతో మధ్యాహ్నం ఇంకోటి చూడలేరు, చూడకూడదు కూడా. దానికి ఒక రోజు, దీనికి ఒక పూట వేరుగా పెట్టుకోండి.

బోహ్న్యా: పిల్లలుంటే, ఇంకో రోజుంటే

క్రాకోవ్‌కు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోహ్న్యాలో 1248లోనే రాతి ఉప్పు దొరికింది. వ్యెలిచ్కాకు అక్క లాంటి గని. యునెస్కో మాత్రం దీన్ని 2013లో గానీ చేర్చలేదు. పోలండ్ యువరాజును పెళ్లాడిన హంగరీ రాజకుమారి కింగా తన ఉంగరాన్ని అక్కడి ఉప్పు గనిలో పడేసి వస్తే, ఇక్కడ తవ్విన మొదటి ఉప్పు గడ్డలో ఆ ఉంగరం దొరికిందని కథ. ఆ కథను రెండు ఊళ్లూ తమదేనంటాయి.

దిగడం లిఫ్టులోనే. లోపల చిన్న రైలు, నీళ్లు నిండిన గదిలో పడవ, 140 మీటర్ల జారుడు బల్ల. సుమారు 250 మీటర్ల లోతున ఉన్న వాజిన్ గదిలో ఆటస్థలం, రాత్రి పడుకోవడానికి మంచాలు కూడా ఉన్నాయి. స్కూల్ పిల్లలు గుంపులుగా వచ్చి ఆ రాత్రి భూమి లోపలే నిద్రపోతారు. మా బాబు జారుడు బల్ల ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కుతాననడం. వ్యెలిచ్కాలో "ఇంకెంతసేపు" అని అడిగినవాడు ఇక్కడ బయటికి రానన్నాడు.

శిల్పాల విషయంలో వ్యెలిచ్కాతో పోటీ లేదు. జనం కూడా అంత ఉండరు, అందుకని పాత సొరంగాల నిశ్శబ్దం ఇక్కడే ఎక్కువ దొరుకుతుంది. పదేళ్లలోపు పిల్లలుండి, క్రాకోవ్‌లో ఒక్క పూటే ఉందంటే నేను వ్యెలిచ్కాను వదిలి బోహ్న్యాకే పొమ్మంటాను. విసుగెత్తిన పిల్లాడిని మూడు గంటలు లాక్కుంటూ తిరిగితే పెద్దవాళ్లకు కూడా ఏమీ చూసినట్టుండదు.

తుర్దా: అమ్మకు నచ్చిన గని

రొమేనియాలోని క్లూజ్ నగరానికి సుమారు 30 కిలోమీటర్లు. 1932 దాకా ఉప్పు తీశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడుల నుంచి జనం తలదాచుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు జున్ను నిల్వకు వాడారు. 1992లో జనానికి తెరిచి, 2010 నాటికి కొత్త రూపు ఇచ్చారు.

రుడాల్ఫ్ అనే పెద్ద గది 42 మీటర్ల లోతు, 50 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవు. దాని పై అంచున నిలబడి కిందికి చూస్తే రంగులరాట్నం తిరుగుతుంటుంది, పిల్లలు టేబుల్ టెన్నిస్ ఆడుతుంటారు. గోడలంతా నలుపు తెలుపు చారలు, పాలరాతిని నీళ్లలో అలలుగా కదిపినట్టు. నాకు తెలిసి ఉప్పు ఉప్పులా కనిపించే అందమైన గోడలు ఇక్కడివే. దాని అడుగున తెరీజియా అనే గంట ఆకారపు గది, అందులో సరస్సు, సరస్సులో పడవలు. ఫొటోలు చూసి గ్రహాంతర లోకం అని రాస్తుంటారు. నిజానికి ఆ ఆకారం వందల ఏళ్ల చేతిపని.

రుడాల్ఫ్‌లోకి దిగడానికి 172 మెట్లు, లేదా అద్దాల లిఫ్టు. ఒక్కో మలుపు దగ్గర ఆ మట్టం ఏ సంవత్సరంలో తవ్వారో గోడ మీద రాసి ఉంటుంది, దిగుతున్నకొద్దీ కాలం మన వైపుకు వస్తుంది. ఓపికుంటే మెట్లే దిగండి. అమ్మ లిఫ్టులో దిగింది. లిఫ్టు ఉంది కదా అని మెట్లు అసలుండవనుకోవద్దు. లిఫ్టు దాకా చేరడానికి కొన్ని తప్పవు, శని ఆదివారాల్లో క్యూ కూడా పొడవే. అయినా గైడ్ తొందరపెట్టడం లేదు, గుంపుతో కలిసి పరుగెత్తే పని లేదు. అమ్మ శాలువా కప్పుకుని బెంచీ మీద గంటన్నర కూర్చుంది. వ్యెలిచ్కా దగ్గర పైన కాఫీ కప్పుతో ఒంటరిగా కూర్చున్న మనిషి ఇక్కడ మా అందరికన్నా ఎక్కువసేపు లోపల ఉంది.

చలి మాత్రం తక్కువేమీ కాదు, ఏడాది పొడుగునా 10 నుంచి 12 డిగ్రీలు. బెలూం గుహల్లోలా చెమట పడుతుందనుకుని చొక్కాతో వచ్చేసిన మనవాళ్లను అక్కడే చూశాను. స్వెట్టర్ తప్పనిసరి.

నాన్నకు తుర్దా అంత పట్టలేదు. పనిచేసిన చోట రంగులరాట్నం ఏమిటన్నట్టు చూశారు. గుర్రాలు తిప్పే పాత రాట్నం ఉన్న గదిలో మాత్రం ఉత్సాహంగా తిరిగారు. 19వ శతాబ్దపు ఆ యంత్రం ఉన్నచోటే చెక్కుచెదరకుండా ఉంది. ఆ గది లేకపోతే ఆయనను తుర్దా తీసుకొచ్చినందుకు నాకే బాధనిపించేది.

హాల్‌స్టాట్, దాని చుట్టుపక్కల

ఆల్ప్స్ గనుల కోసం ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోమని చెప్పను. సాల్జ్‌బర్గ్ ఎలాగూ వెళ్తుంటే మాత్రం వదలకండి. ఆ ఊరి పేరుకే అర్థం ఉప్పు కోట.

హాల్‌స్టాట్‌లో సుమారు 7,000 ఏళ్లుగా ఉప్పు తీస్తున్నారు. యూరప్ తొలి ఇనుప యుగానికి చరిత్రకారులు ఈ ఊరి పేరే పెట్టారు. 1734లో గని లోపల ఉప్పులో చిక్కుకుపోయిన ఒక మనిషి శరీరం దొరికింది. ఎన్ని వేల ఏళ్ల కిందటి కార్మికుడో. 2002లో బయటపడ్డ చెక్క మెట్లు క్రీ.పూ. 1344 నాటివని చెక్క వలయాలను లెక్కపెట్టి తేల్చారు. ఉప్పులో ఉండటం వల్ల ఆ చెక్క చెడలేదు. అందాల కోసం కాదు, ఈ మెట్ల కోసం వెళ్లాలి అక్కడికి. పైన ఓవరాల్స్ తొడిగి, 64 మీటర్ల చెక్క జారుడు మీద కూడా దింపుతారు. లోపల 8 డిగ్రీలే. నాలుగేళ్లలోపు పిల్లలను రానివ్వరు. కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ రైలు మరమ్మతులకు నెలల తరబడి మూసే సందర్భాలుంటాయి, టికెట్లు కొనేముందు చూసుకోండి.

సాల్జ్‌బర్గ్ నుంచి హాల్‌స్టాట్ పోయిరావడానికి రోజంతా పడుతుంది. అంత సమయం లేకపోతే దగ్గర్లోనే హాలైన్ ఉంది. అక్కడ ఉప్పునీటి సరస్సు మీద తెప్ప ఎక్కిస్తారు, భూమి లోపల నడుస్తూ ఆస్ట్రియా నుంచి జర్మనీ సరిహద్దు దాటి వెనక్కి వస్తాం. జర్మనీ వైపున్న బెర్క్టెస్‌గాడెన్‌లో 1517 నుంచి నేటి వరకూ పని ఆగలేదు. రైలు, జారుడు, తెప్ప అన్నీ ఉన్నాయి. పిల్లలకు ఈ రెండిట్లో ఏదైనా సరిపోతుంది.

మన వంటింట్లోని గులాబీ రంగు సైంధవ లవణం వచ్చే ఖేవ్‌డా గని పాకిస్తాన్ పంజాబ్‌లో ఉంది. సింధు ప్రాంతం నుంచి వచ్చింది కాబట్టే సైంధవం అన్నారు. మనకు ఇంత దగ్గరి చుట్టం ఇంకోటి లేదు. కానీ ఇప్పుడున్న పరిస్థితుల్లో భారత పాస్‌పోర్టుతో చూడటానికి వెళ్లే వీలు లేదు.

బయల్దేరేముందు

వీసా గురించి కంగారు అక్కర్లేదు. రొమేనియా కూడా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా షెంగెన్‌లో ఉంది కాబట్టి ఒకే వీసాతో ఇవన్నీ తిరగొచ్చు. డబ్బు మాత్రం మూడు రకాలు: పోలండ్‌లో జ్లోటీ, రొమేనియాలో లేయి, ఆస్ట్రియా, జర్మనీల్లో యూరో. అడుగు జారని బూట్లు వేసుకోండి, తేమ తగిలిన ఉప్పు నేల నున్నగా ఉంటుంది. పెద్ద బ్యాగులు వ్యెలిచ్కాలో లోపలికి రానివ్వరు. శాకాహారులు పోలండ్‌లో బంగాళాదుంప, పన్నీర్ లాంటి జున్ను పెట్టిన పియెరోగి (కజ్జికాయల ఆకారంలో ఉడికించే వంటకం) తినొచ్చు. పైన వేయించిన మాంసం ముక్కలు చల్లుతారేమో అడిగి తీసుకోండి.

ఉప్పు గాలికి ఆస్తమా తగ్గుతుందని చాలాచోట్ల రాసి ఉంటుంది. వ్యెలిచ్కాలో 19వ శతాబ్దం నుంచే వైద్యం పేరుతో మనుషులు వస్తున్నారు. లోపల గాలి దుమ్ము లేకుండా హాయిగా ఉండే మాట నిజమే. దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ హోటల్లో వదిలేసి మాత్రం దిగకండి. మెట్ల మీద ఆయాసం వస్తే గైడ్ దగ్గర మందు ఉండదు.

జ్ఞాపకానికి ఏదైనా కొనుక్కోవాలంటే అక్కడి బూడిద రంగు ఉప్పు గడ్డ అడగండి. షాపుల్లో గులాబీ రంగు దీపాలు కనబడితే అవి వ్యెలిచ్కా ఉప్పుతో చేసినవి కావు. నాన్న పిడికెడంత గడ్డ తెచ్చుకుని కొత్తగూడెంలో టీవీ పక్కన గాజు అలమరలో పెట్టుకున్నారు. జూలైలో వానలు పడగానే దాని కింద నీళ్లు చేరాయి, పదునైన అంచులు మెత్తబడి గుండ్రంగా అయ్యాయి. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి, మూత బిగుతుగా పట్టే పాత హార్లిక్స్ సీసాలో వేశారు. మీరు తెచ్చుకుంటే మొదటి రోజే సీసాలో వేయండి.